నాలుగో ముడి

గిండీలో మా స్టూడియో గోడ మీద
మూడు నెలలుగా ఒకటే ప్రశ్న వేలాడుతోంది:
విప్పితే ఏమీ మిగలని దాన్ని
మ్యూజియంలో ఎలా పెట్టాలి?

బొజాగి. నాలుగు మూలల కొరియా గుడ్డ.
కడితే మూట, విప్పితే మళ్ళీ గుడ్డే.
పరుపులు, పుస్తకాలు, పెళ్ళి కానుకలు, అన్నం గిన్నెలు
అన్నీ అందులోనే గడపలు దాటాయట.
అద్దాల పెట్టెలో పరిచి చూస్తే
ఇస్త్రీకిచ్చి మరిచిపోయిన దుప్పటిలా ఉంది.

మొదట నేను గీసింది టచ్‌స్క్రీన్.
వేలితో లాగితే మూల మడత పడుతుంది,
రెండు వేళ్ళతో తిప్పితే ముడి.
మనవరాలికి తోడుగా వచ్చి
తొమ్మిదేళ్ళుగా ఒరగడంలోనే ఉండిపోయిన ఓ మాల్సున్ గారు
అద్దం మీద వేలు జార్చి చూసి
ఆ వేలిని లాగుకి తుడుచుకున్నారు.
"బిగువు లేదు," అన్నారు, మద్రాసు తమిళంలో.

సరే. వణ్ణారపేటలో తూకానికి అమ్మే కట్‌పీసులు,
రిచీ స్ట్రీట్‌లో కరెంటు పారే దారం.
ఏది లోపలో ఏది బయటో తెలీకుండా
ఆవిడ ముక్కకి ముక్క అంచు మడిచి కుడుతుంటే
ఇది బొంతే కదా అనుకున్నాను.
కిటికీకి అడ్డం పట్టారు.
కుట్లన్నీ నల్లగా, పొలం గట్లలా లేచాయి.
కాదు, ఇది చలికి కుట్టింది కాదు.

ఇళంగో యంత్రానికి మూడు ముళ్ళు నేర్పాడు.
సరిగ్గా కడితే బల్లలోంచి దీపం, ఒక గొంతు,
ఆ మూట ఎవరింట్లోంచి ఎవరింటికి వెళ్ళిందో చెబుతుంది.
మూడు ముళ్ళు అనగానే నాకు నవ్వొచ్చింది.
అక్కడ ఎవరికీ వివరించలేదు.

పరీక్షల రోజు సాయంత్రం
నేల తుడవడానికొచ్చిన దేసమ్మ
"ఇదేంది సార్, కట్టమంటారా?" అంది.
పుళియాంతోపు తెలుగు, తమిళం ఊటలో నానింది.
చీపురు చంకలో ఉండగానే
కొంగున చిల్లర కట్టినట్టు
ఒక్క చేత్తో, పంటితో ఒకసారి లాగి, కట్టేసింది.

బల్ల ఎర్రబడింది.
గుర్తించలేకపోయాం, మళ్ళీ ప్రయత్నించండి:
తమిళంలో, ఇంగ్లీషులో, కొరియన్‌లో.
"ఏమంటాది?"
"నీ ముడి తెలీదంటోంది."
"దానికి తెలీకుంటే నాకేం? ఊడతాదేమో చూడండి."
నేను లాగాను. ఇళంగో లాగాడు.
మాల్సున్ గారు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
చీమని చూస్తున్నట్టు దాని మీదికి వంగారు.

దీని పేరేమిటని ఆవిడ ప్రశ్న
ఇళంగో మీదుగా, నా మీదుగా దేసమ్మకి చేరింది.
"పేరేందమ్మా. డబ్బు పోకుండా కట్టేది."

నేర్పాలంటే నలభైసార్లు కట్టి విప్పాలి, అన్నాడు ఇళంగో.
"నలభైసార్లా?" చీపురు గోడకానించింది.
"ఎంతిస్తారు?"

బడ్జెట్ కాగితంలో వెతికాను.
దారానికి ఉంది, దీపాలకి ఉంది,
ప్రారంభోత్సవం బొకేలకి కూడా ఉంది.
చేతికి లేదు.

"రేపిస్తాం," అన్నాను, ఎక్కడినుంచో తెలీకుండానే.
రాత్రి తొమ్మిదయ్యేదాకా కట్టింది.
పదహారోసారికి పన్ను సలుపుతోందని
నీళ్ళు తాగి, ఇక వేళ్ళతోనే.
యంత్రం ఆ తేడా కూడా రాసుకుంది.

మర్నాడు మాల్సున్ గారు, మేం లేచేలోగా,
చిన్న ఆకుపచ్చ గుడ్డలో డబ్బు చుట్టి
రెండు చేతులతో ఇచ్చారు.
దేసమ్మ అక్కడే విప్పి లెక్కపెట్టి
నోట్లు కొంగులోకి మార్చుకుని
గుడ్డని నాలుగు మడతలు పెట్టింది.
"మీ గుడ్డ మీకమ్మా."
గుడ్డ తిరిగివ్వాలని ఆమెకి మేం చెప్పలేదు.

ఇప్పుడు నా ముందు గోడకి తగిలించాల్సిన పలక.
మొదటి మూడింటికీ కొరియన్ పేర్లున్నాయి.
నాలుగోదాని ఎదురుగా ఖాళీ.
రేపు పన్నెండుకల్లా ప్రెస్సుకి పంపాలి.
పేరు లేదు అని రాస్తే ఎట్లాగో ఉంది.
దేసమ్మ ముడి అంటే తనే ఒప్పుకోదు:
"నాదేంది సార్, మా యత్త కట్టేది,
మా యత్తకి ముందు ఇంకెవత్తో."

మెట్ల మీద బకెట్టు చప్పుడు.
ఇంకోసారి అడిగి చూడాలి.